టైలరింగ్, వైరింగ్ నేర్పే ట్రస్టు: తాత్కాలిక 12ఏబీ నుంచి రెగ్యులర్‌కు, గడువు సెప్టెంబర్ 30?

కుట్టుమిషన్ | 8 సెప్టెంబర్ 2025, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలోని ఒక పబ్లిక్ చారిటబుల్ ట్రస్టు తరఫున అడుగుతున్నాను. దస్తావేజు 2023లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయింది. 2023 అక్టోబర్‌లో ఆదాయపు పన్ను శాఖకు ఫారం 10ఏ వేస్తే 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే రిజిస్ట్రేషన్), 80జీ (దాతలకు పన్ను తగ్గింపునిచ్చే ఆమోదం) రెండూ తాత్కాలికంగా వచ్చాయి. ఆ తాత్కాలిక 10ఏసీ ఆర్డర్‌లో అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) 2024-25 నుంచి 2026-27 వరకు అని ఉంది. టైలరింగ్, హౌస్ వైరింగ్, బైక్ రిపేరింగ్ నేర్పుతారు. మొదటి బ్యాచ్ 10 జూన్ 2024న మొదలైంది.

2024-25 లెక్కలు: విరాళాలు 14 లక్షలు, శిక్షణ ఫీజులు 6 లక్షలు, కుట్టిన బట్టల మీద వచ్చింది 7 లక్షలు.

ప్రశ్నలు మూడు. రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కు ఫారం 10ఏబీ ఈ నెలాఖరులోగా వేస్తే సరిపోతుందా? వృత్తి శిక్షణను చట్టం ‘విద్య’గా చూస్తుందా? ఆ 7 లక్షలతో ఏమైనా చిక్కు వస్తుందా?

---

రసీదుబుక్కు | 8 సెప్టెంబర్, ఉదయం 10:15

సరిపోతుందండి. 2026-27 అసెస్‌మెంట్ ఇయర్ అంటే 31 మార్చి 2026 దాకా. దానికి ఆరు నెలల ముందు అంటే 30 సెప్టెంబర్. ఇంకా మూడు వారాలుంది, కంగారు పడకండి.

---

జమాఖర్చు | 8 సెప్టెంబర్, ఉదయం 11:02

రసీదుబుక్కు గారూ, సగమే చూశారు. ఆదాయపు పన్ను చట్టం 12ఏ(1)(ఏసీ) సబ్‌క్లాజ్ (iii) రెండు గడువులు పెట్టింది: తాత్కాలిక రిజిస్ట్రేషన్ ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు, లేదా కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోపు. ఈ రెంటిలో ఏది ముందొస్తే అది. బ్యాచ్ 10 జూన్ 2024న మొదలైంది కాబట్టి అసలు గడువు 2024 డిసెంబర్ రెండో వారంలోనే అయిపోయింది. ఇప్పటికే తొమ్మిది నెలల ఆలస్యం.

చాలా ట్రస్టులు ఇక్కడే దెబ్బతింటాయి. 10ఏసీ ఆర్డర్‌లో మూడేళ్ల కాలం పెద్దగా కనిపిస్తుంది. ఆరు నెలల మాట కింద షరతుల్లో ఎక్కడో ఉంటుంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ.

దారి మాత్రం ఉంది. 1 అక్టోబర్ 2024 నుంచి 12ఏలో ఒక ప్రొవిజో (సడలింపునిచ్చే అదనపు నిబంధన) చేరింది. ఆలస్యానికి సహేతుక కారణం ఉందని కమిషనర్‌కు తోస్తే దాన్ని మన్నించవచ్చు, అప్పుడు దరఖాస్తు గడువులోనే వేసినట్టు లెక్క. కాబట్టి ఇప్పుడు చేయాల్సినవి ఇవి:

1. 10ఏబీలో సబ్‌క్లాజ్ (iii) ఎంచుకోండి. (ii) రెన్యువల్‌కి, (v) ఆశయాలు మార్చినప్పుడు వేసేది. తప్పు సబ్‌క్లాజ్ కొట్టి, ఆ ఒక్క కారణంతోనే తిరస్కరణ తెచ్చుకున్న దరఖాస్తులకు కొదవలేదు.
2. కాండొనేషన్ (ఆలస్యాన్ని మన్నించమనే) పిటిషన్ విడిగా తయారుచేసి, పీడీఎఫ్ చేసి ఫారంతోపాటే అప్‌లోడ్ చేయండి. తర్వాత నోటీసు వస్తే జవాబులో మళ్లీ జతచేయండి.
3. పిటిషన్‌లో తేదీలు వరసగా రాయండి: తాత్కాలిక ఆర్డర్ ఎప్పుడు, మొదటి బ్యాచ్ ఎప్పుడు, గడువు ఎప్పుడు పోయింది, అది పోయిందని ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎన్ని రోజుల్లో వేశారు. చివరి అంతరం ఎంత తక్కువుంటే పిటిషన్ అంత గట్టిగా నిలుస్తుంది. అందుకే 30 దాకా ఆగొద్దంటున్నాను.

---

కుట్టుమిషన్ | 8 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:20

ధన్యవాదాలండి. మా వాళ్లలో ఒకరు అంటున్నారు: కార్యక్రమాలు మొదలైన తేదీని ఈ ఏడాది ఏప్రిల్ అని వేస్తే గడువు గొడవే ఉండదు కదా అని.

---

పన్నుపోటు | 8 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:31

ఆ మాట అన్నవారికి ఫారం ముట్టుకోనివ్వకండి.

2024-25 ఆదాయ వ్యయ పట్టికలో 6 లక్షల ఫీజు కనబడుతోంది. కార్యక్రమం మొదలుకాకుండా ఫీజు ఎలా వచ్చిందని అడిగితే ఏం చెబుతారు? దరఖాస్తులో తప్పుడు సమాచారం ఇవ్వడం 12ఏబీ(4) కింద ‘స్పెసిఫైడ్ వయొలేషన్’, అంటే రిజిస్ట్రేషన్ రద్దుకు దారితీసే ఉల్లంఘన. 2025 ఫైనాన్స్ చట్టం అసంపూర్ణ దరఖాస్తును ఆ జాబితాలోంచి తీసేసింది గానీ, తప్పుడు సమాచారాన్ని అలాగే ఉంచింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కుంది. అబద్ధాన్ని మన్నించే అధికారం ఎవరికీ లేదు.

ఇంకొకటి. (iii) కింద వేసిన దరఖాస్తును తిరస్కరిస్తే ఉన్న తాత్కాలిక రిజిస్ట్రేషన్ కూడా అదే ఆర్డర్‌లో రద్దవుతుంది. అసలు వేయకుండా కూర్చుంటే అంతకన్నా ప్రమాదం. 2023 ఫైనాన్స్ చట్టం తర్వాత, గడువులో దరఖాస్తు చేయకపోతే 115టీడీ కింద ట్రస్టు తన స్వరూపం మార్చుకున్నట్టు లెక్క. ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి, మిగిలిన దానిమీద గరిష్ఠ రేటులో పన్ను. భవనం ఉన్న ట్రస్టు అయితే ఏడాది ఆదాయంకన్నా ఈ పన్నే ఎక్కువ కావచ్చు.

---

పల్నాటిపద్దు | 8 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:05

80జీ సంగతి ఎవరూ ఎత్తలేదు. దానికి వేరే 10ఏబీ వేయాలి. ఆరు నెలల గడువులు అక్కడా అవే, కానీ 12ఏలో చేర్చిన కాండొనేషన్ ప్రొవిజో లాంటిది 80జీ(5)లో లేదు. ఈ తేడావల్ల 12ఏబీ ఇచ్చి 80జీ తిరస్కరించే పరిస్థితి రావచ్చు.

తాత్కాలిక ఆమోదానికి ముందే కార్యక్రమాలు మొదలుపెట్టిన ట్రస్టులకు ‘మొదలైన ఆరు నెలలు’ అనే లెక్క పెట్టలేమని కొన్ని ట్రైబ్యునల్ బెంచ్‌లు చెప్పాయి. కానీ ఈ ట్రస్టు కార్యక్రమాలు ఆమోదం తర్వాతే మొదలయ్యాయి, కాబట్టి ఆ తీర్పులు నేరుగా పనికిరావు. అయినా రెండూ ఒకేరోజు వేయండి. 80జీ తిరస్కరిస్తే ట్రైబ్యునల్‌కు అప్పీలుంది: ఆర్డర్ అందిన నెల చివరి నుంచి రెండు నెలల్లోపు ఫారం 36, ఫీజు 500 రూపాయలు. హైదరాబాద్, విశాఖపట్నం రెండుచోట్లా బెంచ్‌లున్నాయి.

---

ఐటీఐ_మాస్టారు | 8 సెప్టెంబర్, సాయంత్రం 6:48

రెండో ప్రశ్నకు వస్తాను, శిక్షణ విద్యేనా అన్నదానికి.

‘చారిటబుల్ ఉద్దేశం’ అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(15)లో ‘విద్య’ అన్న మాటుంది, దానికి నిర్వచనం లేదు. 1975లో లోకశిక్షణ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు గీసిన గీతే ఇప్పటికీ ఆధారం. అది కన్నడ పత్రిక నడిపే ట్రస్టు. పేపరు చదివితే జ్ఞానం వస్తుంది కాబట్టి అదీ విద్యేనని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ప్రయాణం చేసినా జ్ఞానం వస్తుంది, అంతమాత్రాన అది విద్య కాదు, ఒక పద్ధతి ప్రకారం జరిగే బోధన, స్కూలింగ్, శిక్షణ ఉండాలంది. 2022 అక్టోబర్‌లో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ తీర్పు కూడా ఆ గీతనే మళ్లీ బలపరిచింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిందే.

ఇప్పుడు ఎదుటి పక్షం. 1994లో పాట్నా హైకోర్టు, మైనింగ్ పరీక్షలకు కోచింగ్ ఇచ్చే సంస్థ (బిహార్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మైనింగ్) చేసేది విద్య కాదంది. కాబట్టి మన ఆర్డర్ ఎటు మొగ్గుతుందనేది ఒక ప్రశ్న మీద ఆధారపడుతుంది: మీది శిక్షణాలయంలా ఉందా, ట్యూషన్ సెంటర్‌లా ఉందా, కుట్టు దుకాణంలా ఉందా?

దస్తావేజులో ‘స్కిల్ డెవలప్‌మెంట్’ అని రాసుకున్నంత మాత్రాన చాలదు. అధికారి చూసేది రిజిస్టర్లు. ఒక టైలరింగ్ బ్యాచ్‌కు ఉండాల్సినవి చెబుతాను.

సిలబస్: రోజుకు 4 గంటలు, 90 రోజులు, మొత్తం 360 గంటలు అనుకోండి. వారంవారీగా విడగొట్టాలి: మిషన్ భాగాలు, దారం ఎక్కించడం, నేరుకుట్టు, కొలతలు, పేపర్ కటింగ్, జాకెట్టు, చుడీదార్, ఫినిషింగ్. థియరీ ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు అన్నది కనబడాలి. ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) క్వాలిఫికేషన్ ప్యాక్‌కు సరిపోయేలా రాస్తే వాదనకు బలం.

అడ్మిషన్ రిజిస్టర్: వరస సంఖ్య, ఫోటో, చదువు, చిరునామా, చేరిన తేదీ, ఫీజు లేదా ఫీజు మాఫీ. మాఫీ అయితే ఎందుకో ఒక ముక్క.

హాజరు పట్టీ: రోజూ సంతకంతో. నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే చేతివ్రాతతో నింపిన పట్టీని ఎవరైనా ఇట్టే పట్టేస్తారు.

మెటీరియల్ ఇష్యూ పుస్తకం: ఎవరికి ఎన్ని మీటర్ల కోరా గుడ్డ, ఎన్ని దారం రీళ్లు ఇచ్చారు. శిక్షణ జరిగిందనడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు, ఎందుకంటే దీన్ని కొనుగోలు బిల్లులతో సరిపోల్చవచ్చు. 30 మంది బ్యాచ్‌కు ఏడాదిలో 40 మీటర్లే కొన్నట్టుంటే ఫోటోలు ఎన్ని పెట్టినా లాభం లేదు.

పరీక్ష, సర్టిఫికెట్: మార్కుల పట్టిక, సర్టిఫికెట్ నంబర్ల రిజిస్టర్, మూడు నెలల తర్వాత ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారన్న చిన్న జాబితా.

వైరింగ్, బైక్ రిపేరింగ్‌కూ ఇదే పద్ధతి, గుడ్డ బదులు వైరు కాయిలూ స్పేర్ పార్టులూ.

---

పన్నుపోటు | 8 సెప్టెంబర్, రాత్రి 8:10

మాస్టారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. విద్య ఒక్కదానిమీదే నిలబడకండి. శిక్షణ పేద మహిళలకు ఉచితంగానో నామమాత్రపు ఫీజుకో ఇస్తుంటే ‘పేదలకు సహాయం’ అనే మరో ఆశయం కిందకూ వస్తుంది, దానికీ వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం మించకూడదన్న పరిమితి లేదు. ‘సాధారణ ప్రజోపయోగం’ అనే చివరి కోవలోకి తోశారంటేనే ఇబ్బంది. మాఫీ పొందినవాళ్ల రేషన్ కార్డు నకళ్లు అడ్మిషన్ ఫైల్లో పెట్టించండి.

---

జమాఖర్చు | 9 సెప్టెంబర్, ఉదయం 7:55

7 లక్షల సంగతికి రాకముందు ఒకటి అడగాలి. ఆ బట్టలు కుట్టింది ఎవరు? శిక్షణలో ఉన్నవాళ్లా, కూలికి పెట్టుకున్నవాళ్లా?

---

కుట్టుమిషన్ | 9 సెప్టెంబర్, ఉదయం 9:12

ఒకటిన్నర లక్షలు బ్యాచ్‌లో కుట్టిన లంగాలు, నైటీలు, సంచులు. మిగతా 5.5 లక్షలు ఒక ప్రైవేటు స్కూలు యూనిఫారాల ఆర్డర్. దాన్ని శిక్షణ పూర్తిచేసిన నలుగురు కూలికి కుట్టారు.

---

జమాఖర్చు | 9 సెప్టెంబర్, ఉదయం 10:30

అయితే అవి రెండు వేర్వేరు సంగతులు. పుస్తకాల్లో ‘కుట్టు ఆదాయం’ అని ఒకే పద్దులో కలిపేసి ఉంటే ఇవాళే విడదీయండి.

ఒకటిన్నర లక్షలు శిక్షణలో భాగం. నేర్చుకునేటప్పుడు తయారైన వస్తువును పారేయలేం కదా, అమ్ముతాం. దాన్ని శిక్షణకు అనుబంధం అని చూపడం తేలిక.

5.5 లక్షలు వ్యాపారమే. వ్యాపారం చేయకూడదని చట్టంలో లేదు. సెక్షన్ 11(4ఏ) రెండు షరతులు పెట్టింది: ఆ వ్యాపారం ట్రస్టు ఆశయాల సాధనకు అనుబంధంగా ఉండాలి, దానికి వేరే లెక్కల పుస్తకాలుండాలి. రెండోదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. వేరే పుస్తకాలంటే ట్యాలీలో ఒక లెడ్జర్ కాదు. గుడ్డ కొనుగోలు, కూలి, కరెంటులో వాటా, అమ్మకం, నిల్వ, లాభం అన్నీ విడిగా తేలాలి.

ఇప్పుడు 20 శాతం లెక్క. మొత్తం రాబడి 14+6+7 = 27 లక్షలు. అందులో 20 శాతం 5.4 లక్షలు. ట్రస్టును ‘సాధారణ ప్రజోపయోగం’ కోవలో వేస్తే యూనిఫారాల 5.5 లక్షలొక్కటే గీత దాటేసింది, పదివేల తేడాతో! 2022లో అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ తీర్పు తర్వాత ఆ గీత విషయంలో సడలింపు లేదు. దాటితే ఆ ఏడాదికి 13(8) కింద మినహాయింపు పోతుంది. అంతే గానీ దాటినందుకే రిజిస్ట్రేషన్ రద్దు కాదు.

విద్య కోవలో ఉంటే ఈ 20 శాతం గొడవే లేదు, 11(4ఏ) చాలు. మాస్టారు చెప్పిన రిజిస్టర్ల విలువ ఇక్కడ తెలుస్తుంది. మెటీరియల్ ఇష్యూ పుస్తకం లేకపోవడం వల్ల ఏడాది మినహాయింపు మొత్తం పోవచ్చు.

---

ఓరుగల్లుకోట | 9 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:40

మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ఎవరూ చెప్పలేదు: దేవాదాయ శాఖ.

12ఏబీ ఇచ్చేముందు ఆదాయపు పన్ను కమిషనర్ రెండు చూడాలి. కార్యక్రమాలు నిజమేనా, ఆశయాల సాధనకు అవసరమైన ఇతర చట్టాలను పాటించారా. న్యూ నోబుల్ కేసులోనే సుప్రీంకోర్టు, 1987 నాటి ఆంధ్రప్రదేశ్ చారిటబుల్, హిందూ మత సంస్థలు, దేవాదాయాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని పన్ను అధికారి చూడటం సరైనదేనంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ట్రస్టుల దరఖాస్తులు హైదరాబాద్‌లోని ఎగ్జెంప్షన్స్ కమిషనర్‌కే వెళ్తాయి. అక్కడినుంచి వచ్చే ప్రశ్నాపత్రంలో ‘1987 చట్టం 30, సెక్షన్ 43 రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం’ అన్న వరస ఉంటుందనే అనుకుని సిద్ధపడండి.

‘మాది గుడి కాదు, టైలరింగ్ సెంటర్, మాకెందుకు’ అంటారు. చట్టం పేరులో ‘చారిటబుల్’ ముందుంది చూడండి. మత సంబంధం లేని పబ్లిక్ చారిటబుల్ సంస్థలకూ వర్తిస్తుంది, వక్ఫ్‌లకు మాత్రం కాదు.

దేవాదాయ శాఖ జిల్లా అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో సెక్షన్ 43 దరఖాస్తు ఇవ్వండి. దస్తావేజు నకలు, ట్రస్టీల జాబితా, ఆస్తుల వివరాలు, ఆడిట్ లెక్కలు అడుగుతారు. ధ్రువపత్రం రావడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా దరఖాస్తు ఇచ్చిన రసీదు, ఆఫీసు ముద్ర ఉన్న నకలు చూపించండి. నోటీసు వచ్చాక పరుగెత్తితే అప్పటికి చేతిలో రసీదు కూడా ఉండదు.

---

రసీదుబుక్కు | 9 సెప్టెంబర్, సాయంత్రం 5:20

మొదటి జవాబు తొందరపడి ఇచ్చాను, క్షమించాలి. విరాళాల వైపు నాకు తెలిసినవి రాస్తాను.

తాత్కాలిక 80జీ ఉన్నా ఫారం 10బీడీ (దాతల వివరాల పట్టిక) వేయాల్సిందే, ఏటా మే 31లోపు. ప్రతి దాత పాన్ గానీ ఆధార్ గానీ, అవి లేకపోతే పాస్‌పోర్ట్ లాంటి మరో గుర్తింపు నంబర్ గానీ ఉండాలి. వేశాక దిగే 10బీఈ సర్టిఫికెట్టే దాతకు పనికొస్తుంది, మీ రసీదు పుస్తకంలోని రసీదు కాదు. ఆలస్యానికి 234జీ కింద రోజుకు 200 రూపాయలు. అది కాక 271కె కింద 10,000 నుంచి లక్ష దాకా జరిమానా పడవచ్చు. నగదుగా ఇచ్చినది 2,000 దాటితే దాతకు 80జీ రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఎలాగూ రాదు. అది ముందే చెబితే తర్వాత మాటపడక్కర్లేదు.

పేరు, చిరునామా లేని హుండీ విరాళాలు ఉన్నాయా? ఉదాహరణకు మొత్తం విరాళాలు 14 లక్షల్లో అలాంటివి 1,60,000 అనుకోండి. 5 శాతం అంటే 70,000, లేదా లక్ష, ఏది ఎక్కువైతే అది వదిలేస్తారు. లక్ష పోగా మిగిలిన 60,000 మీద 30 శాతం, అంటే 18,000 పన్ను, సెస్సు అదనం.

---

పల్నాటిపద్దు | 9 సెప్టెంబర్, రాత్రి 9:15

85 శాతం లెక్క (ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం ఆశయాల మీద ఖర్చుపెట్టాలన్నది) కూడా చెప్పేద్దాం. దరఖాస్తుతోపాటు చూపే లెక్కల్లో అది తేడాగా ఉంటే అదో ప్రశ్న అవుతుంది.

విరాళాలు 14, ఫీజులు 6, కుట్టు విభాగం ఖర్చులు పోగా మిగులు 1.5 లక్షలు అనుకుందాం. మొత్తం 21.5 లక్షలు. కార్పస్ విరాళాలు (మూలధనంగా ఉంచమని దాత ఇచ్చినవి) ఉంటే ఇందులో కలపకూడదు, వాటిని 11(5)లో చెప్పిన డిపాజిట్లలో విడిగా ఉంచాలి. 85 శాతం అంటే 18,27,500. ఆ ఏడాది నిజంగా చెల్లించినదే ఖర్చు కింద లెక్క, బాకీ పెట్టింది కాదు. మిషన్లు కొన్నది పూర్తిగా లెక్కకొస్తుంది, కానీ అలా చూపించాక వాటిమీద తరుగుదల మళ్లీ అడగకూడదు.

16 లక్షలు ఖర్చయిందనుకుంటే కొరత 2,27,500. దాన్ని ఫారం 10 వేసి అయిదేళ్లలోపు వాడతామని పక్కన పెట్టుకోవచ్చు. ఉద్దేశం ‘ట్రస్టు ఆశయాల కోసం’ అని గాలికి రాయొద్దు. ‘వైరింగ్ ల్యాబ్‌కు ప్యానెల్ బోర్డులు, 12 పారిశ్రామిక కుట్టు మిషన్లు’ అని రాయండి. గడువు రిటర్న్ గడువుకు రెండు నెలల ముందని ఉంది. రిటర్న్ గడువులోపు వేసినా ఒప్పుకుంటామని 2023 నాటి 6వ నంబర్ సర్క్యులర్‌లో సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) చెప్పింది.

ఖర్చులో కోతపడేవి రెండు. ఒకరికి ఒకరోజు 10,000 దాటి నగదు ఇస్తే అది ఖర్చుగా లెక్కకు రాదు. దారాలు, గుడ్డ హోల్‌సేల్‌లో 36,000 నగదుకు కొంటే మొత్తం 36,000 పోయినట్టే. టీడీఎస్ కోయాల్సినచోట కోయకపోతే 30 శాతం పోతుంది. బోధకుడికి ప్రొఫెషనల్ ఫీజు కింద 1,20,000 ఇచ్చి టీడీఎస్ మరిస్తే 36,000 కోత.

ఆడిట్ రిపోర్టు: సెక్షన్ 11, 12 మినహాయింపులు వర్తింపజేయకముందు ఆదాయం 5 కోట్లు దాటినా, విదేశీ విరాళం ఉన్నా, దేశం బయట ఖర్చుపెట్టినా 10బీ. లేకపోతే 10బీబీ. వీరిది 10బీబీయే.

---

కుట్టుమిషన్ | 10 సెప్టెంబర్, ఉదయం 8:50

చాలా స్పష్టంగా ఉంది. సెంటర్ నడుస్తున్న ఇల్లు మేనేజింగ్ ట్రస్టీ గారిదే. నెలకు 12,000 అద్దె ఇస్తున్నారు. అది కూడా అడుగుతారా?

---

పన్నుపోటు | 10 సెప్టెంబర్, ఉదయం 9:30

తప్పకుండా అడుగుతారు. ట్రస్టీ సెక్షన్ 13(3) జాబితాలోని (ట్రస్టుతో దగ్గరి సంబంధమున్న) వ్యక్తి. అద్దె ఇవ్వడం తప్పు కాదు, బజారు ధర కన్నా ఎక్కువ ఇవ్వడం తప్పు. మూడు కాగితాలు: అద్దె ఒప్పందం, అదే వీధిలో అంత విస్తీర్ణానికి ఎంత అద్దె ఉందో చూపే ఒకటి రెండు ఒప్పందాల నకళ్లు, ట్రస్టు తీర్మానం. ఆ తీర్మానం చేసేటప్పుడు సదరు ట్రస్టీ ఓటు వేయకూడదు, ఆ సంగతి మినిట్స్‌లో ఉండాలి.

ఇంకో జాగ్రత్త. ఆ ఇంట్లోనే ఆయన కుటుంబం కూడా ఉంటూ కరెంటు మీటరు ఒకటే అయితే, బిల్లు మొత్తం ట్రస్టు ఖాతాలో పడుతోందేమో చూడండి. సబ్‌మీటరు పెట్టిస్తే ఆ గొడవ ఉండదు.

---

ఐటీఐ_మాస్టారు | 10 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:25

జీఎస్టీ గురించి ఒక మాట, ఇక్కడ అపోహ ఎక్కువ. ‘12ఏబీ ఉంటే జీఎస్టీ లేదు’ అనుకుంటారు. 2017 నాటి 12వ నోటిఫికేషన్‌లో ‘చారిటబుల్ కార్యక్రమాలు’ అన్నదానికి ఇరుకైన నిర్వచనం ఉంది. నైపుణ్య శిక్షణ అందులో ఉంది గానీ ఎవరికి? అనాథ, దిక్కులేని పిల్లలకు, శారీరకంగా మానసికంగా హింసకు గురైనవారికి, ఖైదీలకు, గ్రామాల్లో ఉండే 65 ఏళ్లు దాటినవారికి. మామూలు నిరుద్యోగ యువతకిచ్చే శిక్షణ ఆ వరసలో రాదు. నైపుణ్య శిక్షణ రంగపు జాతీయ సంస్థలు ఎన్‌సీవీఈటీ, ఎన్‌ఎస్‌డీసీల గుర్తింపుతో నడిచే సంస్థలకు వేరే వరస ఉంది.

ఈ ట్రస్టు ఫీజులు, బట్టల అమ్మకం కలిపి 13 లక్షలు, 20 లక్షల జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి లోపే. ప్రతిఫలం లేని విరాళం అందులో లెక్కకు రాదు. యూనిఫారాల ఆర్డర్ రెట్టింపైతే మాత్రం కళ్లు తెరవాలి.

---

జమాఖర్చు | 10 సెప్టెంబర్, సాయంత్రం 7:00

వేశాక ఏం జరుగుతుందో కూడా చెప్పేస్తాను.

10ఏబీ వేసిన త్రైమాసికం ముగిశాక ఆరు నెలల్లోపు ఆర్డర్ ఇవ్వాలి. సెప్టెంబర్‌లో వేస్తే 31 మార్చి 2026 దాకా సమయం. మధ్యలో ఈ-ప్రొసీడింగ్స్‌లో నోటీసు వస్తుంది, జవాబుకు వారం నుంచి పదిహేను రోజులే ఇస్తారు. ఈ-మెయిల్ చూసుకోక ఎక్స్‌పార్టీగా (మన వాదన వినకుండానే) తిరస్కరణ తెచ్చుకునేవాళ్లు చాలామంది. పోర్టల్ ప్రొఫైల్లో పాత ఆడిటర్ మెయిల్ ఐడీ ఉంటే ఇవాళే మార్చండి. సమయం చాలకపోతే గడువు దాటకముందే వాయిదా అడగాలి.

జవాబు పంపేటప్పుడు వంద పేజీలు స్కాన్ చేసి ఒకే ఫైల్లో కుక్కకండి. నోటీసులో ఎన్ని ప్రశ్నలుంటే అన్ని వరసలు, ప్రతి వరస ఎదురుగా అనుబంధం నంబర్, పేజీ నంబర్. ఉదాహరణకు కార్యక్రమాల నోట్ ఇలా ఉండాలి: ‘బ్యాచ్ 3, హౌస్ వైరింగ్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ, చేరినవారు 22, పూర్తిచేసినవారు 19, ఖర్చు ఇంత, హాజరు పట్టీ అనుబంధం 7, మెటీరియల్ బిల్లులు అనుబంధం 8.’ ‘సమాజ సేవలో మా ట్రస్టు ముందంజలో ఉంది’ లాంటి వాక్యాలను ఎవరూ చదవరు.

దస్తావేజులో కూడా నాలుగు చూసుకోండి: రద్దు చేయరాని ట్రస్టు అన్న మాట, ట్రస్టు ఆగిపోతే ఆస్తి అలాంటి ఆశయాలున్న మరో ట్రస్టుకే వెళ్లాలన్న క్లాజు, లబ్ధి ఏ ఒక్క మతానికో కులానికో పరిమితం కాదన్నది, ట్రస్టీలకు లాభం పంచరాదన్నది. ఏదైనా లేకపోతే సవరణ దస్తావేజు రిజిస్టర్ చేయించవచ్చు. ఆశయాలే మార్చితే మాత్రం 30 రోజుల్లో సబ్‌క్లాజ్ (v) కింద మళ్లీ 10ఏబీ వేయాలి. కాబట్టి ఇప్పుడు ఆశయాల జోలికి వెళ్లకండి.

ఒక ఊరట కూడా ఉంది. 2025 ఫైనాన్స్ చట్టం ప్రకారం గత రెండేళ్లూ ఆదాయం 5 కోట్లు మించని ట్రస్టుకు 12ఏబీ పదేళ్లకు వస్తుంది. 80జీ మాత్రం అయిదేళ్లకే. రెండు గడువులూ వేర్వేరుగా క్యాలెండర్‌లో వేసుకోవాలి.

---

ఓరుగల్లుకోట | 10 సెప్టెంబర్, రాత్రి 8:40

కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025కు ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, 1 ఏప్రిల్ 2026 నుంచి అమలు. 12ఏబీ స్థానంలో సెక్షన్ 332 వస్తుంది. ‘కొత్త చట్టం వచ్చాక వేద్దాం’ అని ఎవరైనా అంటే వినకండి, పన్నుపోటు గారు చెప్పిన 115టీడీ ఈలోపే పట్టుకుంటుంది.

---

కుట్టుమిషన్ | 11 సెప్టెంబర్, ఉదయం 10:05

చివరి ప్రశ్న. కాండొనేషన్ పిటిషన్, సెక్షన్ 43 దరఖాస్తు, విడదీసిన కుట్టు విభాగం లెక్కలు ఈ వారంలో సిద్ధం చేస్తున్నాం. మేనేజింగ్ ట్రస్టీ గారి డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) గడువు అయిపోయింది. వేరే ట్రస్టీ సంతకంతో వేయొచ్చా?

---

జమాఖర్చు | 11 సెప్టెంబర్, ఉదయం 10:40

రిటర్న్ మీద సంతకం చేసే అధికారం ఉన్నవారే 10ఏబీని కూడా ధ్రువీకరించాలి. వేరే ట్రస్టీ చేయాలంటే తీర్మానం ఉండాలి, పోర్టల్‌లో ‘ప్రిన్సిపల్ కాంటాక్ట్’గా ఆయన పాన్ మారాలి, డీఎస్‌సీ కూడా అదే పాన్ మీద రిజిస్టర్ కావాలి. ఆధార్‌కు లింకయిన మొబైల్ ఉంటే ఈవీసీ (ఓటీపీ ధ్రువీకరణ)తో కూడా అవుతుంది, చూడండి. లేదంటే ఇంత తిప్పలకన్నా మేనేజింగ్ ట్రస్టీ గారి డీఎస్‌సీ రెన్యువల్ తేలిక. కొత్త డీఎస్‌సీని పోర్టల్‌లో మళ్లీ రిజిస్టర్ చేయడం మరవొద్దు. ఫారం సబ్మిట్ కొట్టి ధ్రువీకరణ వదిలేస్తే అది వేసినట్టు కాదు. అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ వచ్చిన పేజీని ఆ రోజే ప్రింట్ తీసి, 12ఏబీది ఒకటి, 80జీది ఒకటి, ఫైల్లో పెట్టండి.